తిరగలి అక్క తిరగేసిన కోటు

తిరగలి అంటే పిండి విసిరేది కాదే పిచ్చిమొహమా, మనిషి. ఇందాక ఫోన్లో "ఏమే తిరగలి కూతురా" అన్నానని అలా కళ్లింతలు చేసుకుని చూస్తావేం? మా అక్క. అక్కంటే నా తోడబుట్టింది కాదు, మా పెద్దమ్మ కూతురు. నీకు అమ్మమ్మ వరసే. నువ్వు పుట్టకముందే పోయిందిలే, నువ్వెక్కడ చూస్తావు. ఇలా వచ్చి కూర్చో, అలా గుమ్మంలో నిలబడి వింటే నాకు చెప్పబుద్ధి కాదు. ఆఁ, అలా. ఆ పేరు పెట్టింది నేనే. మరి ఏ గుడ్డ కనబడ్డా తిరగేసి చూసేది. ముందువైపు ఎంత బాగున్నా దానికి అక్కర్లేదు. అంచు పట్టుకోవడం, వెనక్కి మడవడం, ముక్కు ఆనించేంత దగ్గరగా పెట్టి చూడడం. కిటికీ తెరలు తిరగేసేది, గలీబులు తిరగేసేది, మనిషి ఒంటి మీదున్నా వదిలేది కాదు. మా వీధి చివర పోస్టుమాస్టరు ఉండేవాడు, నవ్వితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టుండేవాడు. ఒకరోజు ఆయన బస్సు కోసం నిలబడి ఉంటే ఇది వెనక నుంచి వెళ్లి కోటు కాలరు ఎత్తి చూసింది. "ఎవరదీ!" అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇదేమో "మాస్టారూ, మీ కాలరు కింద గులాబీలున్నాయండీ" అంది. నిజమే, చిరిగిన చోట వాళ్లావిడ తన పాత గౌను ముక్క వేసి కుట్టింది, పూల గుడ్డ. ఆయనకి అన్నేళ్లుగా తెలియదు. ఆ రోజు నుంచి ఆయన బస్టాపులో ఎవరూ చూడకుండా కాలరు తడుముకుంటూ ఉండడం నేను చూశాను.

ఎందుకొచ్చిందా మా ఇంటికి? చదువుకి. మా ఊళ్లో బట్టల డిజైను నేర్పే కాలేజీ ఉండేది, వాళ్ల ఊళ్లో లేదు. పెదనాన్నకి మేకుల కొట్టు. మేకులు, తాళాలు, గొళ్లేలు, గొలుసులు. ఆయనకి ఈ చదువు మీద బొత్తిగా నమ్మకం లేదు. "బట్ట కట్టుకోవడానికి కాలేజీ ఎందుకే? పుట్టినప్పటి నుంచీ కట్టుకుంటూనే ఉన్నావుగా" అనేవాడు. మా అమ్మ మధ్యలో దూరి, "బావగారూ, పిల్ల మా ఇంట్లో ఉంటుంది, నా కళ్లెదురుగా ఉంటుంది, సరేనా?" అంటే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే ఊరికే ఒప్పుకున్నాడా? "చివరి పరీక్ష ఒక్కసారే. తప్పావో, మారుమాట్లేకుండా వచ్చి కొట్లో కూర్చోవాలి" అని దాని చేత మాట తీసుకున్నాడు. ఇది ఊఁ అనేసింది. అప్పుడు దాని కళ్లకి కాలేజీ తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత రోజులు దగ్గర పడుతున్నప్పుడు నా పక్కన పడుకుని, "ఒసేయ్, మేకుని తిరగేస్తే ఏముంటుందే? అటూ మేకే, ఇటూ మేకే" అని ఏడుపు మొహం పెట్టేది. మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే మంచం. మంచం నిండా దాని గుడ్డముక్కలు. నేను బడికెళ్లేటప్పుడు నా జడలో దారప్పోగులు, నా సాక్సులో సూదులు. మా టీచరు ఒకసారి నన్ను నిలబెట్టి, "మీ ఇంట్లో దర్జీ ఉన్నాడా?" అని అడిగింది. నేను పరువు కోసం లేడన్నాను.

కుళ్లు లేదా అంటే ఉందమ్మా, దాచుకోవడం ఎందుకు. అది గుడ్డ కుడితే నాకు కన్ను కుట్టేది. మా అమ్మ దాన్ని నెత్తిన పెట్టుకునేది మరి. "పెద్దదానా, తిన్నావా? పెద్దదానా, కళ్లు పాడవుతాయి, దీపం దగ్గరికి జరుపుకో." నన్నెవరూ జరుపుకోమనలేదు. కానీ దాన్ని ఎంతసేపు తిట్టుకోగలవు? నాకు స్కూల్లో నాటకం వేషమిస్తే, మా నాన్న పాత చొక్కా ఒకటి తీసి, చేతులు కోసి నడుముకి కట్టి, గొలుసు కుట్టుతో అంచంతా చేపలు వేసింది. నేను రాణినే. రాణి గౌను మీద చేపలేమిటే అన్నారందరూ. "సముద్రాలన్నీ ఆవిడవే కదా" అంది ఇది. ఆ మాట నేను స్టేజీ మీద కూడా అనేశాను, నాటకంలో లేకపోయినా. చప్పట్లు కొట్టారు తెలుసా? ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, మా అమ్మ. మా అమ్మ గురించి చెప్పకపోతే నీకిది అర్థం కాదు.

మా అమ్మని పిల్లలందరూ పిన్నీసుల పిన్ని అనేవాళ్లు. కాలరుకి పిన్నీసులు, జేబు అంచుకి పిన్నీసులు, గడియారం పట్టీకి కూడా పిన్నీసులే. ఎవరికి ఏది ఊడినా పరిగెత్తేది మా అమ్మ దగ్గరికే. టెలిఫోను ఆఫీసులో పని చేసేది, ఆఫీసరుగారి ప్యాంటు గుండీ ఊడితే కూడా ఆవిడే గతి. బొత్తాం కుట్టిందంటే గుడ్డ చిరగాలి గానీ బొత్తాం రాకూడదు, అంత గట్టి చెయ్యి. కానీ పూలూ తీగలూ కుట్టమని అడిగామనుకో, మొహం అదోలా పెట్టేసేది. "నాకు రాదు" అనేది, అంతే, లేచి వెళ్లిపోయేది. రాకపోవడమేమిటి? ఇంట్లో ఒక దుప్పటి ఉండేది, నాలుగు అంచులా పిట్టలు, ఆకులు, పెళ్లికి ముందు ఆవిడ స్వయంగా కుట్టిందే. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే పెట్టెలోంచి తీసేది. ముందువైపు చూస్తే పిట్ట ఎగిరిపోతుందేమో అన్నట్టుండేది. వెనకవైపు? వెనకవైపు ఎవరూ చూడలేదు. మందపాటి తెల్ల గుడ్డ అస్తరు వేసి, చుట్టూ కుట్టు మీద కుట్టు వేసి మూసేసింది.

దాని సంగతేమిటంటే, మా అమ్మమ్మ చెప్పింది నాకు. మా అమ్మ చిన్నప్పుడు కుట్టు క్లాసుకెళ్లేది. ఆ క్లాసు నడిపే ఆవిడ ముందువైపు చూసేదే కాదట. "వెనక శుభ్రంగా ఉన్నదే పని" అనేదట. మా అమ్మకేమో తొందరెక్కువ. ఇక్కడ ఎర్ర పిట్ట అయిపోయిందా, దారం తెంపి ముడేసి మళ్లీ ఎక్కించడం ఎందుకని, వెనక నుంచే చెంగున దూకించి అక్కడున్న పండు దగ్గరికి పోయేది. ఆ టీచరమ్మ ఒకరోజు మా అమ్మ పని పట్టుకుని తిరగేసి, క్లాసందరికీ పైకెత్తి చూపించి, "చూశారా, ఇది ఎంబ్రాయిడరీ కాదు, కోడి కెలికిన చెత్త" అందట. అందరూ నవ్వారు. మా అమ్మ ఇంటికొచ్చి, కుడుతున్న దుప్పటి పూర్తి చేసి, మధ్యలో వదిలెయ్యడం ఆవిడ వల్ల కాదులే, పూర్తి చేసి అస్తరు వేసి మూసేసి, మళ్లీ ఆ సూది ముట్టుకోలేదు. నవ్వితే నవ్వారు, అంత మాత్రానికే అంటావు. నిన్ను అలా నలుగురిలో నిలబెట్టి చూపిస్తే తెలుస్తుంది.

సరే. చివరి ఏడాది వచ్చింది. ఒక్కొక్కళ్లు ఒక్కో దుస్తు డిజైను చెయ్యాలి. గుడ్డ ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి బొత్తాం దాకా తనే కుట్టాలి, కుట్టింది ఎవరో ఒకరు తొడుక్కుని అందరి ముందూ నడవాలి. బయట నుంచి పరీక్ష పెట్టేవాళ్లొస్తారు. అక్క బొమ్మలు గీస్తుంది, వాళ్ల స్కేలు మేడం కొట్టేస్తుంది. స్కేలు మేడం అంటే వాళ్ల టీచరు, చేతిలో ఎప్పుడూ స్కేలే, నీళ్లు తాగినా ఎడం చేతిలో స్కేలే. ఎవర్నీ ఏమీ తిట్టదు, స్కేలుతో కాగితం పక్కకి నెట్టి, "ఇది చూశాం" అంటుంది. అక్క ఇంకోటి తీసుకెళ్తుంది. "ఇదీ చూశాం." నెమలీక తీసుకెళ్లింది, "చూశాం." అలలు తీసుకెళ్లింది, "బోలెడు సార్లు చూశాం." ఇంటికొచ్చి ఇది మేడంలా గొంతు బిగబట్టి, స్కేలులా చెంచా పట్టుకుని, నా కంచం పక్కకి నెట్టి, "ఇది తిన్నాం" అనేది. నవ్వించేది గానీ, లోపల దానికి భయం పట్టుకుంది. తెల్ల గుడ్డ కొనుక్కొచ్చి కోటు చేస్తానంది, కోటు మీద ఏం చెయ్యాలో తెలియదు. ఆ తెల్ల గుడ్డ కుర్చీ మీద వేసి దాన్నే చూస్తూ కూర్చునేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి, మంచం నిండా మా అమ్మ దుప్పటి పరిచి ఉంది, ఇది దాని మీద బోర్లా పడి ఉంది. ఒక మూల అస్తరు కుట్టు వదిలిందట, వేలు దూర్చిందట. ఇక ఆగుతుందా తిరగలి? బ్లేడు తెచ్చి సగం దాకా విప్పేసింది. "అమ్మ నిన్నూ చంపుతుంది, చూసినందుకు నన్నూ చంపుతుంది" అన్నాను. అది వింటేగా! "ఇలా రావే, ఇలా చూడు" అని నా తల పట్టుకుని వంచింది. చూశాను. నేనేమనుకున్నానంటే, ఏదో చిక్కుపడ్డ దారాల ఉండ ఉంటుందనుకున్నాను. కాదే. ఎర్ర దారం పిట్ట దగ్గర్నుంచి పండు మీదికి గీత గీసినట్టు వెళ్లింది, దాని కిందుగా నీలం, దాన్ని దాటుకుంటూ పసుపు, మధ్యమధ్యలో ముడులు. ముందువైపు పిట్టలు కుదురుగా కూర్చుని ఉంటాయా, వెనక అవే పిట్టలు ఎగిరివెళ్లిన దారులన్నీ ఉన్నాయి. అక్క వేలు పెట్టి చదువుతోంది, నిజంగా చదువుతోంది. "ఇదిగో ఇక్కడ పిన్ని హుషారుగా ఉంది, చూడు ఎంత పెద్ద దూకు దూకిందో. ఇక్కడ ఎవరో పిలిచారు, వదిలేసి లేచింది. ఇక్కడ చీకటి పడింది, నీలం అనుకుని ఆకుపచ్చ ఎక్కించింది. ఇక్కడ ఏడ్చిందే, ఇంత బిగించి లాగింది" అంది. కాసేపటికి లేచి కుర్చీ మీద తెల్ల గుడ్డ తీసి మంచం మీద వేసుకుంది. అంతే.

అస్తరు మళ్లీ కుట్టి పెట్టెలో పెట్టేశాం. అమ్మకి చెప్పొద్దని దాని ఒట్టు. చెప్పకుండా వాడుకుంటావా అని నేను అడిగితే, "చెప్తే వద్దంటుంది. వద్దంటే నేను చెయ్యలేను. చేశాక చెప్తాను" అంది. ఆ కోటు ఎలా కుట్టిందో చెప్పాలి నీకు, వింతగా ఉంటుంది. ఫ్రేముకి గుడ్డ బిగించి ముందువైపు ఎవరైనా కుట్టినట్టే పిట్టలు, ఆకులు కుట్టేది. వెనక మాత్రం మా అమ్మలాగే దూకించేది. ఆ దూకులే దానికి కావాలి. అంటే లోపలికి పోయేది శుభ్రమైన వైపు, బయటికి కనబడేది దూకులూ ముడులూ ఉన్న వైపు. నీలం బదులు ఆకుపచ్చ ఎక్కిన చోటు కూడా వదల్లేదు, అది కుడి భుజం మీద పెట్టింది, అరచెయ్యంత పెద్దది చేసి. మా అమ్మ పక్కనుంచే వెళ్తూ, "ఏమిటే అంత కుడుతున్నావు?" అనేది, ఇది ఫ్రేము తిప్పి పిట్ట వైపు చూపించేది. "బాగుంది, బాగుంది" అని అమ్మ వెళ్లిపోయేది. స్కేలు మేడం కోటంతా అటూ ఇటూ తిప్పి, స్కేలు టేబుల్ మీద పెట్టిందట, మొదటిసారి. "ఇది చూడలేదు" అందట. "కానీ తొడుక్కుని నడిస్తే పిచ్చిగా ఉంటుందో, బాగుంటుందో నేను చెప్పలేను. ఆ వచ్చేవాళ్లు చెప్పాలి" అందట. ఇంకో సంగతి. ఇది తిరగలి కదా, ఏ బట్టకైనా ఒక వైపు దాచేసి వదలడం దాని ఒంటికి పడదు. అందుకని కోటు కలిపిన కుట్లన్నీ మడిచి మూసి, ఏ వైపు నుంచి చూసినా పోగు కనబడకుండా చేసింది. ఎంతో ఓపికగా చేసిందమ్మా. అదే కొంప ముంచింది.

ఆ రోజు వచ్చింది. కాలేజీ హాలు కిక్కిరిసిపోయింది. పెదనాన్న కూడా వచ్చాడు. ఊరికే రాలేదు, తిరుగు ప్రయాణానికి దానికి కూడా సీటు చెప్పి మరీ వచ్చాడు. అది తప్పుతుందని అంత నమ్మకం. స్టేజీ వెనక గదిలో ఏం గోలనుకున్నావు! ఒకత్తెకి జిప్పు పడదు, ఒకత్తెకి ఈకలు రాలిపోతున్నాయి, ఇస్త్రీ పెట్టె కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు. మా అమ్మకి కబురొచ్చింది, "పిన్నీ, నీ పిన్నీసులు పట్టుకుని రా" అని. ఆవిడ వెళ్లి అందరికీ తలా ఒకటీ పెట్టింది, పెట్టి తిరిగి చూస్తే గోడకి మన పిల్ల కోటు వేలాడుతోంది. తిరగబడి! దారాలన్నీ బయటికి, ముడులన్నీ బయటికి. అక్కేమో ఆ కోటు వేసుకోవాల్సిన పొడుగుపిల్ల చెప్పులు కనబడక వెతకడానికి పోయింది. మా అమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఈ హడావుడిలో తిరగేసి తగిలించింది పిచ్చిది. ఇలాగే పంపితే తల కొట్టేసినట్టు కాదూ?" కోటు తీసింది. పిట్టలున్న వైపు బయటికి తిప్పింది. కుట్లు చూస్తే ఎటు చూసినా శుభ్రమేనాయె, ఇదే సరైన వైపు అనుకుంది. బొత్తాలు లోపలికి పోయాయి కదా, "బొత్తాలు కూడా తప్పు వైపు వేసిందే!" అని అన్నీ కోసేసి, ఈ వైపు కుట్టేసింది. మా అమ్మ కుట్టు! డబుల్ దారం, బొత్తాం కింద మెడలా దారం చుట్టి, ముడి మీద ముడి. ఇస్త్రీ కూడా చేసింది.

నేను అప్పుడే మంచినీళ్ల సీసా పట్టుకుని లోపలికి వెళ్లాను. అక్క చెప్పులు పట్టుకుని వచ్చింది. పొడుగుపిల్ల కోటు తొడుక్కుని నిలబడి ఉంది, ఒంటి నిండా కుదురైన పిట్టలు. మా అమ్మ చేతులు దులుపుకుంటూ, "చూశావా, నేను లేకపోతే ఏమయ్యేది? వెనకవైపు బయటికి పెట్టి పంపేదానివి! పిచ్చిదానా, నాకు ప్రాణం పోయింది" అని మొహమంతా నవ్వు. అక్క ఆ కోటు వైపే చూస్తోంది. చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి. బయట పేర్లు పిలుస్తున్నారు, దీని ముందు ఒక్కత్తే ఉంది. నాకు తెలుసు అది ఏమనుకుంటోందో. అలాగే పంపేస్తే మా అమ్మకి ఏమీ తెలియదు. ఆవిడ బాధపడాల్సిన పని లేదు. స్కేలు మేడం "ఇది చూశాం" అంటుంది, పెదనాన్న సీటు ఎలాగూ చెప్పాడు, రేపు పొద్దున్నుంచి మేకులు. నా వైపు చూసింది. నేను నీళ్ల సీసా వైపు చూసుకున్నాను.

"పిన్నీ" అంది చివరికి. "అది అలాగే తొడగాలి. ఇందాకటిలాగే." మా అమ్మ నవ్వింది. "పిచ్చా ఏమన్నా నీకు? అది వెనకవైపే!" "వెనకవైపే పిన్నీ. నీ వెనకవైపు. నీ దుప్పటిది." నవ్వు ఆగిపోయింది. "నా అస్తరు విప్పావా?" అంది అమ్మ. "విప్పాను." నేను కళ్లు మూసుకున్నాను, చెంప మీద పడుతుందని. పడలేదు. తెరిచి చూస్తే మా అమ్మ ఆ పొడుగుపిల్ల ఒంటి మీద నుంచి కోటు విప్పి, తనే తిరగేసి, దీపం కిందికి పట్టుకుని చూస్తోంది. వేలితో ఒక ఎర్ర దారం పట్టుకుని దాని వెంట వెళ్తోంది. "ఇది చిన్న పిట్ట దగ్గర్నుంచి పండు మీదికి కదూ?" "అవును." ఇంకాస్త జరిగింది. "ఇక్కడ నీలం బదులు ఆకుపచ్చ ఎక్కిందే..." "ఎక్కింది." "అది కూడా పెట్టావుటే?" "అదే ముందు పెట్టాను పిన్నీ. దాని కోసమే మిగతాదంతా." మా అమ్మ దాన్ని ఎంతసేపు చూసిందో. కళ్లు నిండాయి, అయినా గొంతు కటువుగా, "సిగ్గులేనిదానా" అంది. ఎవర్నందో నాకిప్పటికీ తెలియదు. వెంటనే, "ఏడుస్తూ నిలబడతావేం, ఆ బొత్తాలు పీకు!" అని అరిచింది.

పీకడం అంత సులువా? మా అమ్మ కుట్టిన బొత్తాలు! కత్తెర ఈకల గౌను వాళ్లు పట్టుకుపోయారు. అక్క లాగితే రాదు, నేను లాగితే రాదు, పొడుగుపిల్ల కూడా లాగింది. చివరికి మా అమ్మే పళ్లతో కొరికింది, "ఏ దరిద్రురాలు కుట్టిందే ఇంత గట్టిగా" అని తిట్టుకుంటూ. నవ్వాగలేదు మాకు, ఏడుపూ ఆగలేదు. అన్నీ ఊడొచ్చాయి గానీ మళ్లీ కుట్టే టైము లేదు, పిలిచేశారు. మా అమ్మ తన కాలరుకున్నవీ, జేబుకున్నవీ, గడియారం పట్టీకున్నవీ పిన్నీసులన్నీ లాగి, కోటు ముందంతా వరసగా పెట్టేసి, పొడుగుపిల్ల వీపు మీద ఒక్కటి చరిచి, "పో!" అంది.

నేనూ అమ్మా పరిగెత్తుకుంటూ హాల్లోకి వచ్చాం. పొడుగుపిల్ల నడుస్తోంది. నడుస్తుంటే ఆ దారాల దూకులు కదులుతున్నాయే, తెల్ల కోటు మీద. ఎగరడమొక్కటే తక్కువ. కానీ జనం గుసగుసలు మొదలెట్టారు. "అయ్యో, కోటు తిరగబడింది." "పాపం, ఎవరూ చూసుకోలేదు కాబోలు." ముందు వరసలో పరీక్ష పెట్టే పెద్దావిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పెదనాన్న తల దించుకున్నాడు. మా వెనకాల లావుపాటాయన ఒకడు, "తిరగేసి తొడిగి పంపారండీ, ఎంత నిర్లక్ష్యం!" అని గట్టిగా అన్నాడు. మా అమ్మ ఒక్క ఉదుటున లేచింది. పిన్నీసులు లేక కాలరు ఒకవైపు వేలాడుతోంది, జేబు ఒకవైపు. హాలంతా వినబడేలా, "తిరగెయ్యలేదయ్యా! అది నా వెనకవైపే! కావాలనే చూపిస్తున్నాం, బాగా చూడండి!" అంది. అప్పుడు ఎవరో ఒకళ్లు కిసుక్కుమన్నారు. అంతే, హాలు హాలంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. స్కేలు మేడం స్కేలు కింద పడేసుకుంది. తనేమందో మా అమ్మకి అప్పుడు తట్టింది. నేను చెయ్యి పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు. ఎర్రబడ్డ మొహంతో ఒక్క క్షణం నిలబడి, తను కూడా నవ్వడం మొదలుపెట్టింది. ఒకప్పుడు కుట్టు క్లాసులో నవ్వారు కదా, ఆ నవ్వు వేరు. ఇది ఆవిడ తెప్పించిన నవ్వు.

పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ కోటు తెప్పించుకుంది. ఏం చేసిందనుకున్నావు? అంచు పట్టుకుని, తిరగేసింది! లోపల పిట్టలు. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. "ఈ పనికి పేరేమిటి?" అని అడిగింది. అక్క తడుముకోకుండా "పిన్ని కుట్టండీ" అంది. మొదటి బహుమతి రాలేదులే, అది ఆ ఈకల గౌనుకి పోయింది, సగం ఈకలు రాలినా. కానీ పాసయింది, మంచి మార్కులతోనే. పెదనాన్న ఒక సీటు ఖాళీగా పెట్టుకుని ఒక్కడే వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ దాని దగ్గరికొచ్చి, "అన్ని పిన్నీసులు పెట్టావు, మన కొట్లో తీసుకోకపోయావా" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అలా ఉంటుంది.

తర్వాతా? తర్వాత అది దుస్తుల ఫ్యాక్టరీలో డిజైనర్‌గా చేరింది, వేరే ఊరు వెళ్లింది, పెళ్లయింది, పిల్లలు. మా అమ్మ ఆ వారమే దుప్పటి అస్తరు మొత్తం విప్పి పారేసింది. మళ్లీ సూది పట్టిందమ్మా, కళ్లు కనబడినంత కాలం కుట్టింది, గుడ్డలన్నీ తిరగేసి గోడలకి తగిలించింది. మా నాన్న, "ఈ ఇంట్లో ఏదీ సరైన వైపు ఉండదు" అని విసుక్కునేవాడు. మా అమ్మ పోయాక ఆ దుప్పటి ఎవరికని మాటొచ్చింది. నాకు కావాలి, దానికీ కావాలి. కొయ్యలేం కదా. అదే అంది, "ముందువైపు నీది, వెనకవైపు నాది. నీ దగ్గరే ఉంచు. నేను వచ్చినప్పుడల్లా నా వైపు పైకి వేస్తాను, వెళ్లేటప్పుడు నీ వైపు తిప్పి వెళ్తాను" అని. అలాగే చేసేది. గుమ్మంలో అడుగు పెట్టిందంటే చెప్పులు కూడా విడవకుండా మంచం దగ్గరికెళ్లి తిరగేసేది. అప్పుడు మంచినీళ్లు. ముసలిదయ్యాక కూడా నా సాయం తీసుకునేది కాదు, ఒక్కతే ఆ మూలా ఈ మూలా తిరిగి పరిచేది. చివరిసారి వచ్చినప్పుడు బండికి వేళయిపోయిందని హడావుడిగా వెళ్లిపోయింది, తిప్పడం మర్చిపోయింది. నేను ఫోన్ చేసి చెడామడా తిట్టాను, "నా వంతు ఎగ్గొట్టి పోయావు కదే" అని. పకపకా నవ్వింది. "అబ్బ, ముట్టుకోకు. వచ్చేసారి వచ్చి నేనే తిప్పుతాను" అంది. రాలేదు మరి. ఇదేనే, నువ్వు కూర్చున్నది. ఉతుకుతాను, ఆరేస్తాను, మళ్లీ అదే వైపు పైకి పరుస్తాను. నా వైపు చూసి ఎన్నేళ్లయిందో. ఆ పిట్టల కోసం బెంగగా ఉంటుందే నాకు, రోజూ ఉంటుంది. అయినా తిప్పబుద్ధి కాదు. అది తిప్పుతానందిగా.

...ఆ కిటికీ తలుపు వెయ్యి తల్లీ, దుమ్మొస్తోంది.